బండి వణికితే ఇంజిన్ దించాల్సిందేనా?

తెల్లవారుజామున మీరాలం మండికి కూరగాయలు తెచ్చే రైతులకు ఇది కొత్త సంగతి కాదు. షాబాద్ నుంచో, మహేశ్వరం నుంచో లోడుతో వచ్చిన పాత ట్రాలీ బండి మండి దగ్గర ఆగుతుంది. రోడ్డు మీద బాగానే వచ్చిన బండి, ఆగిన దగ్గర నుంచి వణకడం మొదలుపెడుతుంది. అద్దాలు గడగడలాడతాయి. గేర్ రాడ్ ఊగుతుంది. వెనక టమాటా బాక్సులు కూడా కదులుతాయి. ఆపితే మళ్లీ స్టార్ట్ అవుతుందో లేదోనన్న భయంతో ఆక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయరు. సరుకు దించేదాకా డీజిల్ ఊరికే కాలుతూనే ఉంటుంది.

అక్కడే ఎవరో ఒకరు అంటారు: "ఇంజిన్ అయిపోయింది పటేలా, దింపాలె." ఆ ఒక్క మాటతో రైతు గుండె జారిపోతుంది. ఇంజిన్ దించడమంటే వారం రోజులు బండి లేనట్టే. కోతకొచ్చిన వంకాయ, బీర వారం ఆగవు. కిరాయి బండి పెట్టుకుంటే వచ్చిన ధరలో సగం దానికే పోతుంది. ఇంజిన్ పనికి పెట్టే డబ్బు యాసంగి పెట్టుబడికి దాచుకున్నది.

మా సంఘం సభ్యులొకరికి పోయిన వానాకాలంలో ఇదే జరిగింది. ఆయనది రెండు సిలిండర్ల పాత డీజిల్ ట్రాలీ. పొద్దున స్టార్ట్ కావడానికి సతాయించేది. స్టార్ట్ అయ్యాక ఐడ్లింగ్‌లో, అంటే గేరు వేయకుండా, ఆక్సిలరేటర్ తొక్కకుండా తిరిగేటప్పుడు, విపరీతంగా వణికేది. పాతబస్తీ పక్కన ఒక షెడ్డులో చూపించారు. మొదట నాజిళ్లు మార్చారు. వణుకు తగ్గలేదు. తరువాత పంపు విప్పి కాలిబ్రేషన్‌కు పంపారు. రెండు రోజులు బాగున్నట్టు అనిపించింది, మళ్లీ అదే. మూడోసారి వెళ్తే ఇంజిన్ పని చేయాల్సిందే అన్నారు. బండి అమ్మేద్దామనుకునే స్థితిలో, అదే చాంద్రాయణగుట్ట రోడ్డులో ఒక వృద్ధ మెకానిక్‌కు చూపించారు. ఆయన ఏ భాగమూ విప్పలేదు. ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ పైపును పక్కన పెట్టి, ఒక డబ్బాలో శుభ్రమైన డీజిల్ పోసి, వేరే పైపుతో ఇంజిన్‌కు అందించారు. గాలి తీసి స్టార్ట్ చేశారు. కాసేపటికి ఇంజిన్ నిలకడగా తిరిగింది. ట్యాంకు దగ్గర రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. జబ్బు అంతే. రెండు జానల పైపు, రెండు క్లిప్పులు.

ఆ సభ్యుడు అప్పటికే పెట్టిన ఖర్చు తిరిగి రాలేదు. ఈ నెల ఈ విషయం రాయడానికి కారణం అదే. ఇది ఒక్కరి గోడు కాదు. విత్తనం, ఎరువు, పురుగు మందుల ఖర్చు గురించి మనం లెక్కలు వేస్తాం, ధర్నాలు చేస్తాం. బండి రిపేరు ఖర్చు మాత్రం మన కర్మ అనుకుని కట్టేస్తాం. మా అభిప్రాయం ఒక్కటే: పరీక్ష ముందు, ఖర్చు తరువాత. ఏ సిలిండర్ పనిచేయడం లేదో, ఎందుకు చేయడం లేదో తెలియకుండా ఒక్క భాగమూ మార్చనివ్వకూడదు. రైతుకు ఆ అవకాశం కల్పించే బాధ్యత సంఘానిది, ప్రభుత్వానిది కూడా.

ముందు చెవితో వినాలి

వణుకు రెండు రకాలు. ఇంజిన్ చప్పుడు సమంగా ఉండి బండి మాత్రమే అదిరితే, లోపం ఇంజిన్ లోపల కాకపోవచ్చు. ఇంజిన్‌ను ఛాసిస్ మీద నిలబెట్టే రబ్బరు ఫౌండేషన్లు పగిలిపోయి ఉంటాయి. ఆయిల్ కారే పాత బండ్లలో ఆ రబ్బరు మెత్తబడి దిగిపోతుంది. ఇంజిన్ దించకుండానే వాటిని మార్చవచ్చు. అలా కాకుండా చప్పుడే తప్పుతూ, మధ్యలో ఒక దెబ్బ పడనట్టు వినిపిస్తే అది మిస్సింగ్. ఒక సిలిండర్ సరిగా కాలడం లేదని అర్థం. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి తప్పితే కొంత వణుకు వస్తుంది. రెండు సిలిండర్ల బండిలో ఒకటి తప్పితే సగం ఇంజిన్ లేనట్టే. అందుకే మన చిన్న ట్రాలీలు అంత భయపెడతాయి.

ఎప్పుడు వణుకుతుందో కూడా గమనించాలి. చలిలో పొద్దున నాలుగైదు నిమిషాలు వణికి, వేడెక్కాక సర్దుకుంటే హీటర్ ప్లగ్గులు, ట్యాపెట్ గ్యాప్ చూడాలి. రాత్రంతా నిలిపిన తరువాత స్టార్టింగ్ సతాయించి ఆపైన వణికితే డీజిల్ లైనులో గాలి పడుతోందేమో చూడాలి. వాన పడిన తరువాత, లేదా డబ్బాల్లో తెచ్చిన డీజిల్ పోసిన తరువాత మొదలైతే నీళ్ల మీద అనుమానం పెట్టుకోవాలి. ఈ సంగతులు మెకానిక్‌కు తెలియవు, బండి నడిపే మనకే తెలుస్తాయి. షెడ్డుకు వెళ్లి "వణుకుతోంది" అని ఊరుకుంటే సరిపోదు. ఎప్పుడు, ఎంతసేపు, ఏం చేసిన తరువాత అనేది చెప్పాలి.

పొగ కూడా సాక్ష్యమే. పచ్చి డీజిల్ వాసనతో తెల్ల పొగ వస్తే ఏదో సిలిండర్‌లో డీజిల్ కాలకుండా బయటికి పోతోంది. నల్ల పొగ అంటే గాలి తక్కువ, లేదా డీజిల్ ఎక్కువ. నీలి పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. నీలి పొగ లేకుండా, ఆయిల్ తగ్గకుండా ఉన్న బండికి ఇంజిన్ పని అన్నారంటే, ఎందుకో చూపించమని అడిగే హక్కు మనకుంది.

తక్కువ ఖర్చు నుంచి ఎక్కువ ఖర్చు వైపు

పరీక్షలకు ఒక వరుస ఉంది. డబ్బు తక్కువయ్యే చోట మొదలుపెట్టి ఎక్కువయ్యే చోటికి పోవాలి. ఎక్కువ షెడ్లలో జరిగేది దీనికి తలకిందులు.

మొదటిది ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్. మన మట్టి రోడ్ల మీద ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు దించే బిరడా ఉంటే విప్పి, కొంచెం డీజిల్‌ను గాజు సీసాలో పట్టి చూడాలి. నీళ్లుంటే అడుగుకు చేరి కంటికి కనిపిస్తాయి.

రెండోది గాలి. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న పైపు, క్లిప్పులు, వాషర్లు చూడాలి. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఆ పైపు డీజిల్‌ను పీల్చుకునే పైపు కాబట్టి, చీలిక ఉన్నా బయటికి చుక్క కారకపోవచ్చు. లోపలికి గాలి మాత్రం పోతుంది. తడి లేదు కాబట్టి లోపం లేదనుకోవద్దు. మధ్యలో పారదర్శకమైన పైపు ముక్క పెడితే బుడగలు కనిపిస్తాయి. లేదా పైన చెప్పిన డబ్బా పరీక్ష చేయాలి. బీడీ, నిప్పు దరిదాపుల్లో ఉండకూడదు.

మూడోది, ఏ సిలిండర్ తప్పుతోందో తేల్చడం. పాత పద్ధతి పంపు ఉన్న డీజిల్ ఇంజిన్లలో, ఐడ్లింగ్‌లో ఒక్కో నాజిల్ పైపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. వదులు చేయగానే ఇంజిన్ చప్పుడు మారి ఇంకా కుంటితే ఆ సిలిండర్ పనిచేస్తున్నట్టు. ఏ మార్పూ లేకపోతే తప్పుతున్నది అదే. ఇది అనుభవమున్న మెకానిక్ మాత్రమే, గుడ్డ కప్పి, కళ్లద్దాలు పెట్టుకుని చేయాల్సిన పని. ఒత్తిడితో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోతుంది. అలా జరిగితే చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ ఇంజిన్ ఉన్న కొత్త బండ్లలో ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. వాటిలో ఒత్తిడి ఎన్నో రెట్లు ఎక్కువ.

నాలుగోది, లోపం నాజిల్‌దా, సిలిండర్‌దా అన్నది తేల్చడం. దీనికి కొత్త నాజిల్ కొననక్కర్లేదు. తప్పుతున్న సిలిండర్ నాజిల్‌ను రెండోదానికి, రెండోదాన్ని దీనికి మార్చి బిగించాలి. రాగి వాషర్లు మాత్రం కొత్తవి వేయాలి. లోపం నాజిల్‌తో పాటు రెండో సిలిండర్‌కు పోతే నాజిల్ చెడింది. టెస్టర్ మీద పెడితే ఎంత ఒత్తిడికి తెరుచుకుంటోందో, పొగమంచులా చిమ్ముతోందో, చుక్కలు కారుస్తోందో కనిపిస్తుంది. లోపం అదే సిలిండర్‌లో ఉండిపోతే నాజిల్ మంచిదే. మన సభ్యుడి బండికి ఈ పరీక్షలు చేసి ఉంటే రెండు కొత్త నాజిళ్ల డబ్బు మిగిలేది.

ఐదోది ట్యాపెట్ గ్యాప్. కంపెనీ చెప్పిన కొలతకు ఫీలర్ గేజ్‌తో సరిచేయాలి, చేతి అందాజాతో కాదు. గ్యాప్ పూర్తిగా తగ్గిపోతే వాల్వు సరిగా మూసుకోదు, కంప్రెషన్ లీకవుతుంది.

ఇవన్నీ అయ్యాకే కంప్రెషన్ గేజ్ పెట్టి కొలవాలి. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే, ఆయిల్ పోసే మూత తెరిచినప్పుడు పొగ గుప్పుగుప్పున కొడుతుంటే, రేడియేటర్ నీళ్లలో బుడగలు వస్తుంటే, అప్పుడు హెడ్, రింగులు, వాల్వుల మాట వస్తుంది. రేడియేటర్ మూతను ఇంజిన్ చల్లారాకే తీయాలి. గేజ్ మీద అంకె చూడకుండా ఇంజిన్ దించడానికి ఒప్పుకోవద్దు.

పెట్రోల్ బండి అయితే వరుస కొంచెం మారుతుంది. స్పార్క్ ప్లగ్గులు, వాటి వైర్లు, కార్బురేటర్ ముందు చూడాలి. ఐడ్లింగ్‌లో వణికి, వేగం పెంచగానే సర్దుకుంటే ఇన్‌టేక్ వైపు ఏదో రబ్బరు పైపు గాలి పీలుస్తోందేమో వెతకాలి.

ఇక ఒక మాయ గురించి చెప్పాలి. వణుకుతున్న బండికి ఐడ్లింగ్ స్క్రూ తిప్పి స్పీడు పెంచుతారు. వణుకు తగ్గినట్టే ఉంటుంది. రైతు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్తాడు. జబ్బు అలాగే ఉంటుంది. ఆగిన ప్రతిచోటా డీజిల్ ఎక్కువ కాలుతుంది. స్క్రూ తిప్పడం రిపేరు కాదు. పైన చెప్పిన పరీక్షలు చేశాక చివర్లో చేసే సర్దుబాటు మాత్రమే.

మెకానిక్ మన శత్రువు కాదు

ఇదంతా రాస్తున్నామని మెకానిక్‌ల మీద కోపం పెంచుకోవద్దు. బహదూర్‌పురా నుంచి చాంద్రాయణగుట్ట దాకా షెడ్లలో పనిచేసేవాళ్లలో ఎక్కువ మంది చిన్నప్పుడే స్పానర్ పట్టి, ఉస్తాద్ దగ్గర చూసి నేర్చుకున్నవాళ్లు. వాళ్లకు కంపెనీలు మాన్యువల్ ఇవ్వలేదు. గేజులు కొనే పెట్టుబడి లేదు. పరీక్షకు రెండు గంటలు పట్టినా రైతు దానికి డబ్బు ఇవ్వడు, భాగం మారిస్తేనే ఇస్తాడు. మరి ఆయన భాగాలే మారుస్తాడు. ఇందులో మన తప్పు కూడా ఉంది. వెతికి చూసిన పనికి కూలి ఇవ్వడం మనం నేర్చుకోవాలి. మన సభ్యుడి బండిని బాగు చేసిందీ ఆ షెడ్లలో ఒకరేనని మరిచిపోవద్దు. ఆయన తీసుకున్న కూలి చాలా తక్కువ. ఆయన చేతిలో ఉన్న విద్య చాలా పెద్దది.

విడిభాగాల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. నయాపూల్ దాటి గౌలిగూడ, పుత్లిబౌలి వైపు వెళ్లి భాగం కొన్నా, షెడ్డులోనే తెప్పించుకున్నా, ప్యాకెట్ మీద గరిష్ఠ చిల్లర ధర చూడాలి. ప్యాకెట్ మీద ఆ ధర ముద్రించాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. బిల్లు తీసుకోవాలి. మార్చిన పాత భాగాన్ని అడిగి తెచ్చుకోవాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి బండి విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతం. అంతకు ముందు చాలా భాగాల మీద 28 శాతం ఉండేది. ట్రాక్టర్ మీద 12 శాతం నుంచి 5 శాతానికి, ట్రాక్టర్ టైర్లు, నిర్దేశించిన ట్రాక్టర్ భాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకపోతే ఆ తగ్గింపు మన దాకా వచ్చిందో, మధ్యలోనే ఆగిందో తెలిసే దారి లేదు.

పాత బండి వదిలేస్తే సరిపోదా?

ఈ మాట అనేవాళ్లున్నారు. వణికే పాత ఇంజిన్ పొగ పెడుతుంది, ఆ పొగ మండిలో హమాలీలు, పాతబస్తీ పిల్లలు పీలుస్తారు, బండి తీసేసి కొత్తది కొనండి అంటారు. పొగ సంగతి నిజం. దాన్ని మేము తోసిపుచ్చడం లేదు. కానీ సరిగా కాలని సిలిండర్‌ను బాగు చేస్తే ఆ పొగా తగ్గుతుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. పొగ సర్టిఫికెట్ ఉంది. అవి పాసయ్యేలా బండిని ఉంచుకునే దారి చూపకుండా, కొత్త బండి అప్పు నెత్తిన పెట్టుకోమనడం పరిష్కారం కాదు.

పైగా కొత్త బండి కొంటే ఈ బాధ పోదు, రూపం మారుతుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. ఇంజిన్ నిండా సెన్సర్లు, కంప్యూటర్. వణుకు ఎందుకో తెలియాలంటే స్కానర్ పెట్టాలి. కొన్ని పనులకు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉండాలి. అది లేని షెడ్డు మెకానిక్ చేతులెత్తేస్తాడు. రైతు కంపెనీ చెప్పిన ధరకు తల వంచాలి. అమెరికాలో ట్రాక్టర్ రైతులు దీని మీదే ఏళ్ల తరబడి పోరాడారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాల రిపేరు హక్కు చట్టం చేసింది, 2024 జనవరి 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, జాన్ డీర్ కంపెనీ రిపేర్లను తన గుప్పిట్లో పెట్టుకుందని కేసు వేసింది.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ ప్రారంభించారు. పోర్టల్ పెట్టడం వేరు, చట్టం చేయడం వేరు. సమాచారం ఇవ్వని కంపెనీని నిలదీసే అధికారం రైతుకు చట్టం ద్వారానే వస్తుంది.

మనం చేయాల్సింది, అడగాల్సింది

కేంద్రం రిపేరు హక్కుకు చట్టం చేయాలి. ట్యాపెట్ కొలత, నాజిల్ ఒత్తిడి, ఐడ్లింగ్ స్పీడు వంటి వివరాలను ప్రతి కంపెనీ తెలుగులో, ఉర్దూలో ఉచితంగా ఇవ్వాలని అందులో ఉండాలి. ఇవి రహస్యాలు కావు, రైతు కొన్న బండి గురించిన వివరాలు.

రాష్ట్ర ప్రభుత్వం ఐటీఐల తలుపులు రైతులకు తెరవాలి. 65 ప్రభుత్వ ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసింది మల్లేపల్లి ఐటీఐలోనే. పాతబస్తీ మండీల నుంచి అది దూరమేమీ కాదు. వారానికి ఒక పూట అక్కడ, జిల్లాల్లోని డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఉన్న ఐటీఐలలో, నామమాత్రపు రుసుముతో రైతుల బండ్లకు పరీక్ష చేసి రాతపూర్వకంగా రిపోర్టు ఇవ్వాలి. పిల్లలకు నిజమైన బండ్ల మీద చదువు వస్తుంది. రైతు ఆ కాగితం పట్టుకుని తనకు నచ్చిన షెడ్డుకు వెళ్తాడు. షెడ్డు మెకానిక్‌లకూ అక్కడే సాయంత్రం శిక్షణ ఇవ్వాలి. తూనికలు కొలతల శాఖ విడిభాగాల దుకాణాల్లో తనిఖీలు చేయాలి.

ప్రభుత్వం కదిలేదాకా మనం ఆగనక్కర్లేదు. ప్రతి మండల కమిటీ సభ్యుల వాటాతో ఒక డీజిల్ కంప్రెషన్ గేజ్, ఒక నాజిల్ టెస్టర్, ఒక ఫీలర్ గేజ్ కొనాలని మేము ప్రతిపాదిస్తున్నాం. మనకు నమ్మకమున్న మెకానిక్‌ను పిలిచి, రోజు కూలి ఇచ్చి, వానాకాలం పనులు మొదలుకాకముందే ఒక రోజు ఊళ్లోని బండ్లన్నీ చూపించాలి. ఏ బండికి ఏం తేలిందో పుస్తకంలో రాసి ఉంచాలి. వచ్చే నెల మండల సమావేశాల ఎజెండాలో దీన్ని చేర్చండి.

అప్పటిదాకా ఎవరైనా "ఇంజిన్ దింపాలె" అంటే ఒక్క ప్రశ్న వేయండి: "ఏ సిలిండర్ తప్పుతుంది ఉస్తాద్, జర చూపించు." చూపించగలిగితే ఆ మాట నమ్మండి, ఆ పనికి కూలి ఇవ్వండి. చూపించలేకపోతే తాళం చెవి తీసుకుని బయటికి రండి.